దొర అడిగిన నడిమి పేజీ

తమ కాలిమీద తామే గొడ్డలి వేసుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను ఆ గొడ్డలికి సాన కూడా పట్టించినవాణ్ని. వినండి, నవ్వుకోండి, నాకేం!

అప్పట్లో మా దొరగారి పత్రికకు ఇబ్రహీంపట్నం మండలం మొత్తానికి నేనొక్కణ్నే విలేకరిని. దొరంటే మాటలా? కోటలాంటి గడీ, మామిడి తోటలు, మాజీ మంత్రి హోదా, పైన పత్రిక. ఆ పత్రికవాళ్లిచ్చిన ప్రెస్ కార్డు చూసే కాబోయే మామ నాకు పిల్లనిస్తానన్నాడు. పెళ్లి ఇంకో నెలలో ఉంది.

అంతటి దొర ఆదివారం ఆదివారం పొద్దున్నే కారు లేకుండా, మంకీ టోపీ పెట్టుకుని బస్ డిపో దగ్గరి చాయ్ హోటల్‌కు వస్తున్నాడు! నాకు అనుమానం పుట్టింది. పుట్టినది కడుపులో ఉంటుందా? శనివారం పక్క పత్రిక విలేకరి యాదగిరికి చెప్పేశాను.

"అన్నా, మా దొర పార్టీ మారుతున్నడే. డిపో కాడ ఎవర్నో కలుస్తుండు."

"అవ్‌నా! ఇంకెవ్వరికి చెప్పకు," అన్నాడు. నేను చెప్పలేదు.

మర్నాడు ముందే వెళ్లి కాపు కాశాను. హోటల్లో పేపరంటే తలా ఒక పేజీ కదా! యాదగిరి వాళ్ల పేపర్‌లో నాకు నడిమి పేజీ దొరికింది. చదవలేదు, ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. దొర వచ్చి సరిగ్గా నా ఎదురుగానే కూర్చున్నాడు.

"తమ్మీ, జర ఆ నడిమి పేజీ ఇయ్యి."

ఇవ్వక చస్తానా? అడ్డం కాస్తా పోయింది.

"నువ్వు మన పేపరోనివి గద?"

"అవ్ దొరా. మీరు గీ పేపర్ సదువుతున్నరేంది?"

"మన పేపర్ల నా ఫొటోలే ఉంటయ్. నా ముచ్చట నాకు తెల్వాలంటే గిదే సదవాలె."

ఓస్, రహస్యం ఇంతేనా అని నవ్వబోయాను. అంతలో దొర పైకి చదివాడు: "'దొర పార్టీ మారతారా? సొంత పత్రిక మండల విలేకరికే అనుమానం!' తమ్మీ, ఈ మండలంల మనోళ్లు ఎందరున్నరు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారు. నేను ప్రెస్ కార్డు తడుముకున్నాను.

"నేనొక్కణ్నే దొరా."

"ఎన్నేండ్ల సంది?"

"మూడేండ్ల సంది."

"మూడేండ్లల్ల నా మీద నువ్వు వట్టుకొచ్చిన అసలు వార్త గిదొక్కటే. గదీ పక్కోనికిచ్చినవ్! కార్డు తియ్యి."

పెళ్లయితే అయింది. కార్డేదని మామ ఇప్పటికీ అనుమానంగా అడుగుతూనే ఉంటాడు. అందుకే ఆ చాయ్ గ్లాసు సాక్షిగా ఒట్టేశాను: ఈ జన్మలో చదవని పేజీ ఎవరి చేతికీ ఇవ్వను.