బొబ్బిలి ఫైలు, ఆదివారం ఆరాధన

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో నేను విజయనగరంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ పని చేసేదాన్ని. బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి సెంటర్ల నుంచి ఆ రోజు పరీక్షల ఫలితాలు ఫైళ్ళుగా మా యూనిక్స్ మిషన్‌లోకి వచ్చేవి. వాటిని నేను విశాఖపట్నంలోని పెద్ద ల్యాబుకి పంపాలి. అక్కడి డాక్టరు చూసి సంతకం పెడితేనే మర్నాడు పొద్దున్న రోగుల చేతికి రిపోర్టు. ఒక్కో ఫైలు పేరు కొట్టి, చేరిందో లేదో చూసుకుని, మళ్ళీ ఇంకో పేరు కొట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

మిగతా రోజులు ఎలాగో సర్దుకునేదాన్ని. ఆదివారమే ఏడుపొచ్చేది. మా చర్చిలో సాయంత్రం ఆరాధన ఆరింటికి మొదలవుతుంది. హార్మోనియం వాయించేది నేను, పెళ్ళికి ముందు నుంచీ. అన్ని ఫైళ్ళూ అయిదుకల్లా వచ్చినా, ఆదివారం బొబ్బిలిది మాత్రం ఆరు దాటితే గానీ వచ్చేది కాదు. అక్కడ నెట్ నీరసమని నాకు నేనే చెప్పుకుని, ఆ ఊరి టెలిఫోను తీగల్ని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. నేను చర్చికి చేరేసరికి జనం బయట చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్ళు.

క్వయర్ చూసే పెద్దామె, సంఘమంతటికీ అత్త, ఒకరోజు మొహం మీదే చెప్పేసింది.

"ఒసే, నీ మీద కోపం నేదు గానీ వాయించేవోళ్ళు ఉండాల కదే. వచ్చే నెలనుంచి ఇంకోళ్ళని కూకోబెడతాను."

ఆమె మాటలో తప్పు లేదు. అందుకే ఇంకా మండింది. ఆ పంతంతోనే షెల్ స్క్రిప్టు రాయడం నేర్చుకున్నాను. రోజూ చేత్తో కొట్టే కమాండ్లన్నీ వరసగా రాసిపెట్టి, సాయంత్రం అయిదున్నరకి మిషనే నడుపుకునేలా, చెప్పిన టైముకి పని మొదలుపెట్టే క్రాన్‌లో పెట్టాను. శనివారం దాకా చక్కగా నడిచింది. ఆదివారం దర్జాగా వెళ్ళి హార్మోనియం ముందు కూర్చున్నాను.

సోమవారం పొద్దున్నే ల్యాబు యజమాని పిలిచారు.

"ఏటమ్మా ఇది? బొబ్బిలోళ్ళకి ఒక్క రిపోర్టూ రానేదు. నెలలు నిండిన పిల్ల ఒకర్తి ఉత్తసేతుల్తో వెనక్కెళ్ళిపోయిందట. ఈ మిషను పని మనకొద్దు. ఆదివారం నువ్వే కూకోని పంపు."

ఆ పిల్ల సంగతి విన్నాక నా మీద నాకే కోపమొచ్చింది. కోపమంతా తీసుకెళ్ళి బొబ్బిలి టెక్నీషియన్ మీద పెట్టాను.

"ఏటయ్యా, మీ నెట్‌కి ఆదివారమే జొరమొస్తాదా?" అన్నాను ఫోన్లో.

"నెట్ బాగానే ఉన్నాదక్కా. ఆదివారం నాలుగున్నర్నుంచి ఆరుదాకా రాహుకాలం కదా. ఆలోగా పరీక్షలవ్వవు. రోగుల కాయితాలు రాహుకాలంలో ఎలాగ పంపుతాను?"

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటి మరి?"

"అందరికీ తెలిసిందే కదక్కా, సెప్పడమేటి!"

ఆ అందరిలో నేను లేను. మా ఇంట్లో పంచాంగమే ఉండదు. చాదస్తం మానుకోమందామని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆరాధన జరుగుతుంటే నేనూ ఫోన్ ఎత్తను, ఎవరు చెప్పినా ఎత్తను. అతను ఆగేది రోగులకి చెడు జరగకూడదనే. పైగా తీగల్ని అన్యాయంగా తిట్టినందుకు నవ్వొచ్చింది. మార్చాల్సింది స్క్రిప్టునే.

ఒక్కసారి చూసి వెళ్ళిపోవడం దానిచేత మాన్పించాను. రాని ఫైలు కోసం కాసేపు ఆగి మళ్ళీ చూడాలి. వస్తూ ఉన్న ఫైలుని పూర్తయ్యేదాకా ముట్టుకోకూడదు. అవతల చేరాక సైజు సరిపోతేనే పంపినట్టు. అన్నీ చేరాక నా ఫోన్‌కి మెసేజ్ ఇవ్వాలి. యజమానిని బతిమాలి ఇంకొక్క ఆదివారం సంపాదించుకున్నాను.

ఆ సాయంత్రం చేతులు హార్మోనియం మీదున్నాయి గానీ ప్రాణం బొబ్బిలిలో ఉంది. రెండో కీర్తన మధ్యలో ఒళ్ళో ఫోన్ గుర్రుమంది. ఆరాధనలో ఫోన్ ఎత్తనని అంత గొప్పలు పోయినదాన్ని, వంగి చూశాను. బొబ్బిలితో సహా అన్నీ చేరాయి. కళ్ళలో నీళ్ళు తిరిగి హార్మోనియం మెట్లు కనబడలేదు, పాట ఒకచోటికీ నేనొకచోటికీ వెళ్ళిపోయాం. అత్త ఉరిమి చూసింది.

ఆరాధన అయ్యాక నేరుగా నా దగ్గరికొచ్చింది.

"తాళం తప్పినావేటే? వచ్చే ఆదివారం పెందలాడే వచ్చి సాధన సెయ్యి."

వచ్చే ఆదివారం అంది. హమ్మయ్య, నా చోటు నాదే అనుకుని, మిగిలిన తిట్లన్నీ నవ్వుతూ తిన్నాను.