బాబాయ్ ఆ రోజు తాగలేదు

పోయిన వారం మా అబ్బాయి నడిపే బండి పడిపోయి హ్యాండిల్ ఒక పక్కకి తిరిగిపోతే నందిగామలో షెడ్డుకి తీసుకెళ్లాను. మెకానిక్ ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్‌ని ఎదురు పక్కకి గుంజుతుంటే, గ్రీజూ పెట్రోలూ కలిసిన ఆ వాసనకి నా అరిచేతులు చెమట పట్టాయి. యాభై దాటిన మనిషిని. అయినా పదమూడో ఏట పట్టుకున్న భయం మళ్లీ కదిలింది.

జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్లో మిరపకాయలు ఎండబెట్టే రోజులవి. కళ్లాల్లో ఎర్రగా పరిచిన కాయల ఘాటు గాలిలో తేలి వస్తే తరగతిలో పిల్లలందరం వరసగా తుమ్మేవాళ్లం. ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమదినాలు, చర్చిలో ఆ పాటలు నడిచేవి, నీచు మానేసిన ఇళ్లలోంచి సాయంత్రమయ్యేసరికి పప్పుచారు పోపు వాసన వచ్చేది. మా బాబాయ్ ఆ బళ్లోనే మాస్టారు. ఊళ్లో ఆయనొక్కడికే మోటార్ సైకిలు. దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ, గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో చెప్పాల్సిన ప్రసంగం తనలో తనే గొణుక్కునేవాడు. ఆ రోజు, సిలువ మీద యేసు అన్న ఏడు మాటల గురించి ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు; దాహం గురించిన అయిదో మాట ఏటా ఆయనదే.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకున్నప్పుడు, బండిని స్టాండు మీంచి దించి దొడ్లో వాలుగా ఉన్న చోట ఎక్కి కూర్చున్నాను. అది దొర్లుకుంటూ పోయి కుడితి తొట్టిని గుద్దింది. చూస్తే చక్రం తిన్నగా ఉంది, హ్యాండిల్ ఎడమకి తిరిగి ఉంది. బాబాయ్ కొట్టేవాడు కాదు. తప్పు చేసినవాణ్ణి బళ్లో అందరి ముందూ నిలబెట్టి, ఏం చేశావో నువ్వే చెప్పమనేవాడు. నా భయమంతా దానికే. పేటలో మెకానిక్ బోల్టులు వదులు చేసి హ్యాండిల్ సరిచెయ్యడం ఒకసారి చూశాను. బండి పెట్టెలో పానా తీసి, దాని మీద కాలేసి తొక్కి బోల్టులు వదిలించి, కంటికి తిన్నగా కనబడేదాకా తిప్పాను. బిగించబోతుంటే వాకిట్లో పిన్ని గొంతు వినబడింది. బోల్టుల్ని చేత్తో తిరిగినంతవరకే తిప్పి వదిలేశాను.

సోమవారం బాబాయ్ బడి కాగితాలతో నందిగామ బయల్దేరాడు. చెబుదామని వీధి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. బండి చప్పుడు వినబడినంతసేపూ అక్కడే నిలబడ్డాను. చిల్లకల్లు దాటాక ఒక గుంటలో చక్రం ఒక దారి, హ్యాండిల్ ఒక దారి అయ్యాయి. బండి తూలుకుంటూ వెళ్లి రోడ్డు పక్క గోతిలో పడింది. బాబాయ్ తొడ ఎముక విరిగింది. తూలడం ఎదురుగా మా ఊరికి వస్తున్న బస్సులోవాళ్లు చూశారు. వాళ్లు దిగడంతోనే మాస్టారు తాగి ఉన్నాడన్న మాట ఊరంతా పాకింది, అదీ శ్రమదినాల్లో. హ్యాండిల్ మాట వినలేదని ఆయన చెబితే, పరామర్శకి వచ్చిన ఒకాయన మంచం పక్కనే కూర్చుని అన్నాడు:

"అయితే బండి తాగిందంటారా మాస్టారూ?"

అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర నేనూ ఉన్నాను.

సంఘ పెద్దలు ఆ ఏడు అయిదో మాట వేరేవాళ్లకిచ్చారు. మరుసటి ఏడు ఇస్తామన్నా బాబాయ్ ఒప్పుకోలేదు. చనిపోయేదాకా కుంటుకుంటూ వచ్చి వెనక వరసలోనే కూర్చున్నాడు. రెండేళ్ల క్రితం ఆయన్ని మట్టి చేసిన రోజున కూడా నేను నోరు విప్పలేదు.

షెడ్డు నుంచి తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్లాను. మా కళ్లాలు ఇప్పుడు ఇళ్ల స్థలాలు, అప్పటి పెంకుల చర్చి లేదు, ఆ రోజు నవ్వినవాళ్లలో మిగిలింది ఒకరిద్దరు. శనివారం మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"తప్పు నీ ఒక్కడిదే కాదులేరా," అంది పిన్ని. "ఆస్పత్రిలో నేను కూడా వంగి ఆయన నోరు వాసన చూశా. ఏం లేదు. చూశానని ఆయనకి తెలిసింది. తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేశాంగా, ఎందుకు చూశావని ఒక్కసారి కూడా అడగలేదురా."