మనిషొస్తే లేచే యంత్రం

సెమరాంగ్ ఉత్తరపు కొసన, సముద్రం మురిక్కాలవల్లోంచి ఎదురొచ్చి వీధుల్లోకి ఎక్కే పేటలో పర్వొతో ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాడు. ఆ ఉప్పునీటిని రోబ్ అంటారు. రోబ్ పెరిగినప్పుడల్లా జనం ఇళ్ల నేల పెంచుకుంటారు. పర్వొతో మూడుసార్లు పెంచాడు, కప్పు మాత్రం పెంచలేకపోయాడు. ఇప్పుడు కొట్లోకి వంగి దూరాలి. ఎవరి ముందూ వంగని మనిషికి దేవుడు పెట్టిన శిక్ష అది.

యాభై ఏడేళ్లవాడు. వయసులో రేడియో ఫ్యాక్టరీలో తీగలు అతికేవాడు. అది మూతపడ్డాక మిగిలింది ఆ టంకం పనే. టంకం పుల్ల పడితే చెయ్యి వణకదు. నోరూ వణకదు. "నాకు తెలీదు" అన్న మాట ఆ నోటినుంచి ఎవరూ వినలేదు, ముప్పై ఏళ్లు కాపరం చేసిన ముర్తినా కూడా. ఆవిడ పక్కనే కోడి పులుసు, అన్నం అమ్ముతుంది. రెండు కొట్లకీ మధ్య ఒక్క చెక్క పలకే అడ్డం. ఇటు తుమ్మితే అటు వినపడుతుంది.

ఓ సోమవారం పొద్దున వుర్యాని వచ్చింది. పేట బళ్లో పదకొండేళ్లుగా తాత్కాలిక టీచరు. తల్లి పోయాక ఇంట్లో ఒక్కతే ఉంటోంది. తలగుడ్డ గెడ్డం కింద చక్కగా దిద్దుకుని, ల్యాప్‌టాప్‌ని చంటిబిడ్డలా గుండెకి హత్తుకుని వచ్చింది.

"పా, ఇది తెరుచుకోడానికి పావుగంట పడుతోంది," అంది. అక్కడ తండ్రి వయసు మగవాణ్ని పా అనే పిలుస్తారు. "అన్నం వార్చుకుని వచ్చినా ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదైనా ఓర్చుకుంటాను. ఉన్నట్టుండి చచ్చిపోతోంది, అదీ నా భయం."

"ఎప్పుడు చస్తోంది?"

"నేనొక్కదాన్నే ఉన్నప్పుడు."

పర్వొతో నవ్వాడు.

"నవ్వకండి పా. ఎవరైనా వచ్చి తలుపు కొడితే మళ్లీ లేస్తోంది. పక్కింటి సర్తి పిన్ని ఏదో గాలి చేరిందంటోంది. నీళ్లు మంత్రించి చల్లమంది."

"చల్లు, చల్లు. నీళ్లు పడితే నాకు ఇంకాస్త పని దొరుకుతుంది."

ఆ పిల్ల నవ్వలేదు. "వచ్చే గురువారం పరీక్ష, పా. నెగ్గితే బడివాళ్లు పర్మనెంటు చేస్తారు. ఇంట్లోనే కూర్చుని, దీని ముందే రాయాలి. ఐదు నిమిషాలు కెమెరాలో కనపడకపోతే తీసి పారేస్తారు. వచ్చే నెలతో నాకు ముప్పై ఐదు నిండుతాయి. ఆ పైన రాయనివ్వరు. నాకిదే ఆఖరు."

"అయితే సరైన చోటికే వచ్చావు," అన్నాడు పర్వొతో.

వెనక మూత విప్పి చూశాడు. ఫ్యాన్ రెక్కలకి బూజు, పిన్నులకి ఉప్పు తుప్పు. హార్డ్ డిస్క్ చెవి దగ్గర పెట్టుకుంటే ముసలాడి పళ్లలా టకటకలాడింది. అదిగో రోగం అనుకున్నాడు. నిజమే, అదొక రోగం. ఒంటికి ఒక రోగమే ఉంటుందని ఎవరు చెప్పారు?

డిస్క్ మార్చాడు. తుప్పు గీకాడు. ఛార్జర్ కదిపి చూశాడు, బ్యాటరీ పీకి పెట్టాడు. పలక అవతలినుంచి ముర్తినా అడిగింది: "ఏవయ్యా, ఒక్కతే ఉన్నప్పుడు ఏం చేస్తుంటుందో ఆ పిల్లనడగరాదూ?"

"ఒంటరి ఆడపిల్లని, ఒక్కదానివే ఉన్నప్పుడు ఏం చేస్తుంటావమ్మా అని నేనడగాలా? నీ పులుసు మాడుతోంది, చూసుకో."

"నా పులుసు ఏనాడూ మాడలేదు. పోనీ నేనడుగుతా."

"దీని సంగతి నీకేం తెలుసు?"

ముర్తినా నోరు మూసుకుంది. అలా ఊరుకున్నందుకు తరవాత తనని తనే తిట్టుకుంది, మొగుణ్నైతే ఇప్పటికీ తిడుతోంది.

మూడు రోజులు ఆ యంత్రాన్ని ఆపకుండా నడిపాడు. చావలేదు. వుర్యాని వచ్చి, తలగుడ్డ సర్దుకుని, అతని ఎదుటే రెండు గంటలు పని చేసుకుంది. అప్పుడూ చావలేదు. కొట్టు నిండా మనుషులు, మరెలా చస్తుంది?

"రెప్పపాటులో తెరుచుకుంటోంది చూశావా? రోగం ఆ పాత డిస్కే. ధైర్యంగా రాసుకో," అన్నాడు.

"ఇంట్లో కూడా ఇలాగే ఉంటుందా, పా?"

"నా చేతిలో పడ్డాక ఇల్లేమిటి, బజారేమిటి?"

గురువారం పొద్దున రోబ్ మోకాలి లోతు వచ్చింది. వుర్యాని వీధిలోకైతే పడవలే రావాలి.

శుక్రవారం నమాజు అయ్యాక, పులుసు కొట్టు జనంతో నిండి ఉన్నప్పుడు, వుర్యాని వచ్చింది. పావడా అంచుకి బురద ఇంకా ఆరలేదు. ల్యాప్‌టాప్‌ని పర్వొతో బల్లమీద పెట్టింది.

"బాగుచేశానన్నారు."

"చేశాను."

"పరీక్ష మొదలవకముందే చచ్చింది. పరీక్ష కాసే ఒకావిడ కెమెరాలో చెవులు చూపించమంది, చెవుల్లో ఏమైనా పెట్టుకున్నానేమోనని. తలగుడ్డ విప్పి చూపించాను. మళ్లీ కట్టుకునేలోపల తెర నల్లబడిపోయింది. బొత్తాం నొక్కితే లేవడం, వెంటనే పడుకోవడం. ఎన్నిసార్లో లెక్కలేదు. అంతకుముందు ఎవరో ఒకరు తలుపు కొడితే లేచేది కదా. నిన్న నీళ్లలో ఎవరొస్తారు? ఎవరూ రాలేదు."

తింటున్నవాళ్లు చెంచాలు ఆపేశారు. పర్వొతో యంత్రం తెరిచాడు. చక్కగా వెలిగింది. అదే అతని ఖర్మ.

"చూశావా, బాగానే ఉంది," అన్నాడు.

"అవును. ఇక్కడ బాగానే ఉంటుంది," అని, యంత్రాన్ని తీసుకుని వుర్యాని వెళ్లిపోయింది.

ఆ వారమంతా పేటలో అదే మాట. "పర్వొతో బాగుచేసింది అతని కొట్లోనే పనిచేస్తుందిట, కాపరానికి పెట్టెతో రండి," అని మసీదు మెట్లమీద వెక్కిరించారు. ఒకడు అతని ఎదురుగానే బాగుకిచ్చిన యంత్రాన్ని వెనక్కి పట్టుకుపోయాడు. పర్వొతో అన్నం సరిగ్గా తినలేదు. తనకి తెలియనిదేదో ఆ ఇంట్లో ఉందన్నది అతన్ని లోపల తొలిచేసింది.

ముర్తినా పులుసు గిన్నె పట్టుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్లింది. వుర్యాని తలుపేసి, ఆడవాళ్లమే కదా అని తలగుడ్డ తీసేసింది. గుడ్డని పట్టి ఉంచే రెండు అయస్కాంతం బిళ్లలు, చొక్కా బొత్తాములంత, చేతిలోకి వచ్చాయి. వాటిని ల్యాప్‌టాప్ అంచుకి టక్కున అంటించింది. పక్కన పెడితే పోతాయని ఆ పిల్లకి ఎప్పటినుంచో అలవాటు.

తెర ఆరిపోయింది.

"చూశారా పిన్నీ, ఇలాగే," అంది వుర్యాని.

ముర్తినా చూసింది. మూత వేశామని యంత్రం అనుకోడానికి దాని అంచులో ఓ చిన్న ముక్క ఉంటుందని, అయస్కాంతం తగిలితే చాలు యంత్రం పడుకుంటుందని, మొగుడు ఎవరికో చెప్తుంటే పలక అవతలినుంచి వినే ఉంది. ఎవరైనా తలుపు కొడితే ఈ పిల్ల బిళ్లలు లాక్కుని గుడ్డ కట్టుకుంటుంది, యంత్రం లేస్తుంది. ఇంతే గాలీ, దెయ్యమూ. మగవాడి ఎదుట ఎన్నటికీ బయటపడని రోగం.

ఆ పిల్లకి ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది.

పర్వొతో లేచి నిలబడ్డాడు, కప్పుకి తల తగిలింది. "నేను చెప్పలా? నా పనిలో లోపం లేదు!"

"లేదులే. కూర్చో. ఆ పిల్లకి చెప్పకు."

"పేటంతా నన్ను చూసి నవ్వుతుంటే?"

"నవ్వనీ. పాత సామాను కొత్తదని రోజుకి పది అబద్ధాలాడతావు. దీనికొక్కటి ఆడలేవూ? పొరపాటు నాదేనమ్మా అని ఊరుకో."

ఊరుకోలేదు. వెళ్లాడు. వీధిలో జనం రోబ్ వదిలిన బురద ఎత్తిపోసుకుంటున్నారు. వుర్యానిని గుమ్మంలోకి పిలిచి, ల్యాప్‌టాప్ తెప్పించి, బజార్లో కొన్న బిళ్లలు జేబులోంచి తీశాడు. అంటించాడు, ఆరింది. తీశాడు, వెలిగింది. మళ్లీ అంటించాడు. చీపుర్లు పట్టుకుని అందరూ మూగారు. "ఓరి దీని దుంపతెగ, ఇదా!" అంది సర్తి. పర్వొతో మొహం వారం తరవాత వెలిగింది.

వుర్యాని చెయ్యి మెల్లగా గెడ్డం కిందికి పోయింది.

"అయితే ఆ రోజు... ఇవి తీసేసి ఉంటే లేచేదా, పా?"

"వెంటనే," అన్నాడు పర్వొతో. పనివాడి గర్వం ఆ మాట అనిపించింది. అన్నాక గానీ తనేం అన్నాడో అతనికి తెలియలేదు.

"ఐదు నిమిషాలూ ఇవి నా కళ్లముందే ఉన్నాయి," అంది ఆ పిల్ల. ఏడవలేదు. మూత వేసి యంత్రాన్ని అతని చేతిలో పెట్టింది. "మీ తప్పేం లేదు, పా. ఇది మీ దగ్గరే ఉంచండి. అక్కడైతే బాగా పనిచేస్తుంది."

పేట మళ్లీ పర్వొతో కొట్టుకి వస్తోంది. వుర్యాని ఇప్పటికీ ఆ బళ్లోనే తాత్కాలికం. తలగుడ్డకి దారంతో కుట్టు వేసుకుంటుంది. కొట్టు ముందునుంచే బడికి పోతుంది, "పా" అని పలకరిస్తుంది కూడా. అతనే తల వంచుకుని టంకం పుల్ల వెతుక్కుంటాడు.

ఆ ల్యాప్‌టాప్ పైఅరలో ఉంది, నీళ్లు అందనంత ఎత్తున. కొంటామని ఇద్దరు ముగ్గురు అడిగారు.

"రిపేరుందా?" అని అడుగుతారు.

"లేదు," అంటాడు పర్వొతో. "అమ్మకానికీ లేదు."