కోత పండుగ బల్ల మీద వ్యోమనౌక

ఆకాశాన్ని పరచి, అందులో మనిషికి కూడా దారి ఇచ్చిన దేవునికి స్తోత్రం. గర్వించినవాణ్ణి సైతం తోసివేయని ఆయనకే మహిమ.

ఎనభైల్లో నేను సారపాకలో కాగితం మిల్లులో పనిచేసేవాణ్ణి. పత్రికలో ఫోటో చూసి, వ్యోమగాములు కూర్చునే గదిని పదో వంతుకు కుదించి అట్టతో కట్టాను. అందులో వెల్లకిలా వాలిన రెండు కుర్చీలు, వాటి ముందు మీటల పలక. ఆఫీసు పంచింగ్ మిషన్ కింద రాలిన గుండ్రటి కాగితం ముక్కలనే మీటలుగా పట్టకారుతో అంటించాను. పంట చేతికొచ్చినందుకు చర్చిలో జరిపే కోత పండుగకు ఆ ఏడు అదే నా కానుక.

మా సంఘంలో కానుకలు బల్ల మీద పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. నాది అందరికీ కనబడాలని, అడవి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ సొరకాయను బల్ల కిందికి దించాను. ఆమె అది చూసింది.

వేలంలో సొరకాయకు పాట బాగా పెరిగింది. నా వ్యోమనౌక వంతు వచ్చేసరికి ఎవరూ పలకలేదు.

"ఏందది, ఎలుకల బోనా?" అని వెనక నుంచి ఒకాయన అంటే అంతా నవ్వారు. నేను తల దించుకున్నాను.

"నాకియ్యుండ్రి అయ్యా. దేవుని బల్ల మీద ఏదీ మిగలొద్దు గదా," అంది ఆ పెద్దమ్మే. డబ్బులు కట్టి, దాన్ని చేతుల్లో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇదేందో జెప్పు బిడ్డా, ఇంట్ల అడుగుతరు."

నేను కుర్చీలను, మీటలను ఒక్కొక్కటిగా వేలితో చూపించాను.

ఇప్పటికీ కానుకల బల్ల దగ్గరికి వెళితే ముందు దాని కిందికి చూస్తాను. చదువుతున్న మీరూ నాతో తలవంచండి: ప్రభువా, ఇంకొకరి కానుకను పక్కకు నెట్టని చేతులు మాకివ్వు. ఆమెన్.