నాసిర్ గారి కాటా

కెప్టెన్ నాసిర్ గారికి మనిషి పేరు కంటే ముందు బరువు కావాలి. పటమటలో వాళ్ళింటికి ఎవరు వెళ్ళినా మంచినీళ్ళ కంటే ముందు కాటా ఎదురొస్తుంది. అదేమన్నా మామూలు కాటానా? వన్ టౌన్‌లో మిరపకాయల బస్తాలు తూచే ఇనప కాటా. "చెప్పులు విప్పి ఎక్కండి," అంటారాయన. ఎక్కిన మనిషి బరువు వీధి చివరిదాకా వినిపించేట్టు చదువుతారు. "డెబ్బై ఒక్క కిలోల నాలుగు వందలు! కూర్చోండి, టీయా కాఫీయా?"

ఆయన భార్య ఫరహత్ ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ కాటాతోనే కాపురం చేస్తోంది. ఒక బక్రీదు నాడు చుట్టాలందరి ముందూ ఆవిడ బరువును గ్రాములతో సహా ప్రకటించి, ఆయన వారం రోజులు హోటల్ భోజనం తిన్నారు. అయినా బుద్ధి రాలేదు. మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికొడుకును కాటా ఎక్కించబోయారు. మగపెళ్ళివారు అలిగి లేచారు.

"పిల్లాణ్ణి తూకానికి కొంటున్నారా ఏంటండీ?"

"పిల్లనిచ్చేవాళ్ళం, ఆ మాత్రం చూసుకోవద్దా?" అన్నారీయన. వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టేసరికి ఫరహత్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

అలాగని ఆయన తిక్కమనిషేం కాదు. ముప్ఫై ఏళ్ళు పెద్ద విమానాలు నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు మరికొందరు పైలట్లతో కలిసి, ఒక మిత్రుడి నాలుగు సీట్ల విమానంలో, చూపు లేనివాళ్ళకు దారి చూపే కుక్కల్ని చేరవేస్తున్నారు. జీతం లేదు, భత్యం లేదు. నెలల తరబడి నేర్పిన కుక్కను పెట్టెలో పెట్టి సామానుతో పంపితే బెదిరిపోతుంది, నేర్చుకున్నదంతా గంగలో కలుస్తుంది. అది తన మనిషి కాళ్ళ దగ్గర కూర్చుని రావాలి. అంత చిన్న విమానంలో ప్రతి కిలో లెక్కే. ఎండాకాలంలో గాలి పలచబడి రెక్కలకు పట్టు చాలదు కాబట్టి మరీను.

"పెద్ద విమానం ఏనుగు లాంటిది, ఎవరెక్కినా మోస్తుంది," అంటారాయన. "ఇది సైకిలు. వెనక కూర్చున్నవాడు పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నాడో దీనికి తెలిసిపోతుంది."

కూచిపూడిలో ఉండే సంపూర్ణమ్మ గారి పని మీద భార్యాభర్తలిద్దరూ కారులో వెళ్ళింది ఏప్రిల్‌లో. ఆవిడ ఒకప్పుడు పేరున్న నర్తకి. తరవాత పిల్లలకు అడుగులు నేర్పే టీచరు. మూడేళ్ళ కిందట చూపు పోయింది. ఇప్పటికీ గజ్జెల చప్పుడు వింటే చాలు, ఏ పిల్ల ఏ కాలు తప్పు వేసిందో చెబుతుంది. బడివాళ్ళు రమ్మంటూనే ఉన్నారు. రోజూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళే లేరు.

"ఇల్లు దాటితే ఆరువందల అడుగులండీ బడికి," అందావిడ. "జూన్‌లో బడి తెరిచేసరికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళాలి. అంతకు మించి నాకేం వద్దు."

కుక్క బెంగళూరులో సిద్ధంగా ఉంది. ఆవిడను తమ్ముడు రైల్లో దింపి వస్తాడు. అయిదు వారాలు అక్కడే ఉండి, కుక్కతో నడక నేర్చుకుని, దానితో కలిసి నాసిర్ గారి విమానంలో తిరిగి రావాలి. అంతా విని ఆవిడ ఫరహత్ వైపు తిరిగింది.

"ఫరహత్ గారూ, వచ్చేటప్పుడు మీరూ నా పక్కన కూర్చుంటారా? ఆటో ఎక్కడానికే భయపడుతున్నదాన్ని. చూపు పోయాక ఇంట్లోనే కూర్చుని ఒళ్ళొచ్చేసింది. మొన్న ఆటో అబ్బాయి ‘మామ్మగారు దిగితే ఇంకో ఇద్దర్ని ఎక్కించుకోవచ్చు’ అన్నాడండీ. అందరూ నవ్వారు. దిగి ఇంటికొచ్చేశాను. మళ్ళీ గడప దాటలేదు."

ఫరహత్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే నాసిర్ గారు పుస్తకం తెరిచి అడగనే అడిగారు. "మీ బరువెంతమ్మా?"

నేల చీలితే బాగుండుననిపించింది ఫరహత్‌కు.

సంపూర్ణమ్మ గారు పమిట సర్దుకుంది. "అరవై అయిదండీ."

ఆవిడ కూర్చున్న పేము కుర్చీ మాత్రం వేరే అంకె చెబుతోంది. కుర్చీ కిర్రుమంటే చాలు, కిలోకు అటూ ఇటూగా బరువు చెప్పగల మనిషి నాసిర్ గారు. కాటా కారు డిక్కీలోనే ఉంది. ఇక తెస్తారనే అనుకుంది ఫరహత్.

"సరేనమ్మా. అరవై అయిదు," అని రాసుకుని లేచారాయన.

ఆ ఆదివారం ఫరహత్ బిరియానీ వండింది. ఆయన పళ్ళెం పక్కకు జరిపి ఒక కీర దోసకాయ కోసుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళలో జరగని ఘోరం అది.

"వాసన నచ్చలేదా?"

"బాగుంది. ఆకలి లేదు."

మరుసటి ఆదివారమూ అంతే. ఆయన రోజూ తెల్లారి నడక మొదలుపెట్టారు, సాయంత్రం మళ్ళీ నడక. పొద్దుటి పూట గదిలో తలుపేసుకుని కాటా ఎక్కి దిగుతున్నారు. ఏ అంకె వచ్చిందో వీధికి కాదు కదా, పెళ్ళానికి కూడా చెప్పడం లేదు. తన వంట మొహం మొత్తిందనుకుంది ఫరహత్. బిరియానీ వండడం మానేసింది. నాలుగు రోజులు మాట్లాడడం కూడా మానేసింది. ఆ సంగతి ఆయన గమనించలేదు. అందుకు మరో మూడు రోజులు మానేసింది.

జూన్ మొదటి వారంలో బెంగళూరులో విమానం బయలుదేరే చోటికి శిక్షణ కేంద్రం వాళ్ళంతా వీడ్కోలు చెప్పడానికి వచ్చారు. సంపూర్ణమ్మ గారి పక్కన గోధుమరంగు ఆడకుక్క, టాఫీ, బుద్ధిగా కూర్చుంది. నాసిర్ గారు ముందే రైల్లో పంపించిన తన కాటాను తెచ్చి దించారు.

"టాఫీ! ఇరవై ఎనిమిది కిలోల రెండు వందలు! సంచి, నాలుగున్నర! ఫరహత్..."

"గ్రాములు చదివారో, నేనిక్కడే ఉండిపోతాను," అంది ఫరహత్.

"అరవై రెండు!" అని అంతటితో ఆపి, ఆయన సంపూర్ణమ్మ గారి వైపు తిరిగారు. ఆవిడ మొహం పాలిపోయింది. టాఫీ పట్టీని చేతికి చుట్టుకుంది.

"అందరి ముందూనా అండీ?"

"రూలమ్మా," అన్నారాయన.

ఇప్పుడు నలుగురూ నవ్వితే ఆవిడ మళ్ళీ గడప దాటదు. కుక్కా వద్దు, బడీ వద్దు అంటుంది. ఫరహత్‌కు మొగుడి నోరు మూసెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఈలోగా సంపూర్ణమ్మ గారు కాటా ఎక్కనే ఎక్కింది. ముల్లు గిర్రున తిరిగి డెబ్బై నాలుగు దగ్గర ఆగింది. నాసిర్ గారు వంగి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అరవై అయిదు! కరెక్టుగా చెప్పారమ్మా!"

ఒక్క గ్రాము అబద్ధం ఎరగని మనిషి! ఫరహత్ గబగబా వెళ్ళి ఆయన రాస్తున్న కాగితంలోకి తొంగి చూసింది. అందులో సంపూర్ణమ్మ, డెబ్బై నాలుగు అనే ఉంది. దాని కింద నాసిర్, డెబ్బై తొమ్మిది. ఏప్రిల్‌లో ఆయన ఎనభై ఎనిమిది. ఆవిడ దాచుకున్న తొమ్మిది కిలోలూ ఈయన తన ఒంట్లోంచి తీసేశారు.

"అందుకా బిరియానీ వద్దన్నారు?" అంది ఫరహత్ నెమ్మదిగా.

"బిరియానీ మళ్ళీ వండుకోవచ్చు. ఆవిడ సిగ్గుపడి వెనక్కి తిరిగితే మళ్ళీ రాదు." ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నాకు ముందే చెప్పొచ్చుగా అనకు. చెబితే నువ్వు బిరియానీలో నెయ్యి తగ్గిస్తావు. ఆ మాత్రానికి తినకపోవడమే నయం."

తిట్టాలో ఏడవాలో ఫరహత్‌కు తెలియలేదు. విమానంలో సంపూర్ణమ్మ గారి పక్కన కూర్చుని, కింద కృష్ణానది కనిపించగానే ఆవిడకు చెప్పింది. టాఫీ ఆవిడ పాదాల మీద తల పెట్టుకుని దారంతా నిద్రపోయింది.

ఆ వచ్చే ఆదివారం నాసిర్ గారు మూడుసార్లు వడ్డించుకున్నారు.

దసరా సెలవుల ముందు కూచిపూడి నుంచి ఫోను వచ్చింది. నాసిర్ గారు స్పీకరు పెట్టారు.

"కెప్టెన్ గారూ, ఇవాళ బడిలో డాక్టర్లొచ్చి అందర్నీ తూచారండీ. నేను అరవై అయిదు."

"అప్పుడూ అంతేగా అమ్మా?"

"ఊరుకోండి. బయలుదేరిన రోజు పొద్దున్నే శిక్షణ కేంద్రంలో తూచారు నన్ను. డెబ్బై నాలుగన్నారు. మీరు అంత గట్టిగా అరవై అయిదని అరిచేసరికి నా గుండె కుదుటపడింది. పెద్దమనిషి నాకోసం అబద్ధమాడారు, దాన్ని నిజం చేద్దామనుకున్నాను. రోజూ టాఫీ, నేను బడికెళ్ళి వస్తున్నాం. ఊరకుక్కలు మొరిగినా అది తల తిప్పదు. ఒక్కరి చెయ్యీ పట్టుకోలేదండీ ఇంతవరకూ."

నాసిర్ గారు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"చాలా సంతోషం అమ్మా. ఇంతకీ టాఫీ ఎంతుంది?"

"మా పిల్లలు రోజూ దానికి బిస్కెట్లు పెడుతున్నారండీ," అంది సంపూర్ణమ్మ గారు. "దాని బరువు మాత్రం అడక్కండి. ఆడపిల్ల, సిగ్గుపడుతుంది."