ఆ కథలో ఆవిడకి తెలుసు

లిఫ్టులు బాగుచేసే మేస్త్రికి కుడి మణికట్టు విరిగింది. ఒక పెద్ద ఆఫీసు భవనంలో, లిఫ్టు కింద నిలువెత్తు లోతున ఉండే గోతిలో చేరిన నూనె మడ్డి తుడవడానికి దిగుతూ, నిచ్చెనకి ఇంకో మెట్టుందనుకుని కాలు వేశాడు. మెట్టు లేదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తగిలిన మొదటి పెద్ద దెబ్బ అదే. డాక్టరు సిమెంటు కట్టు వేసి, “ఆరు వారాలు ఈ చేత్తో గరిటె కూడా తిప్పకూడదు” అన్నాడు.

గరిటె గురించి మేస్త్రికి దిగుల్లేదు. అతని దిగులల్లా కలం గురించి.

అతనికి నలభై నాలుగేళ్ళు. అన్నా వదినలతో పాటు మూడో అంతస్తు ఇంట్లో ఉండేవాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, “నేనొచ్చేసరికి తలుపులు మూసుకుపోయాయండీ” అనేవాడు. పదకొండేళ్ళుగా కథలు రాస్తున్నాడు. మనుషులు లిఫ్టులో ఇరుక్కుపోయినప్పుడు, పైనుంచి తాళ్ళూ బ్రేకూ చూసి లిఫ్టు పెట్టెని అంగుళం అంగుళం కిందికి దించేలోగా, భయం తెలియకుండా వాళ్ళని తలుపు సందులోంచి మాట్లాడించడం కూడా అతని పనే. అలా మాట్లాడించగా మాట్లాడించగా చెవి నిండా మనుషులు చేరిపోయారు. వాళ్ళని దించుకోవడానికే రాయడం మొదలుపెట్టాడు. ఒక మాసపత్రికలో ఏడు కథలు వచ్చాయి.

అతని కథల్లో ఎప్పుడూ ఒక సూక్ష్మదృష్టి గల మనిషి ఉండేవాడు. ఎదుటివాడి చొక్కా గుండీ చూసి వాడింట్లో పొద్దున్న జరిగిన గొడవ చెప్పేసే రకం. తోటి మెకానిక్కులు ఏడిపించేవాళ్ళు. “మేస్త్రీ, మీ హీరో మా ఇంటికొస్తే గుమ్మంలో నిలబడే కూరలో ఉప్పెంతుందో చెప్పేసేట్టున్నాడే!” అని. మేస్త్రి నవ్వేసేవాడు గానీ, మనసులో అది మెచ్చుకోలుగానే తీసుకునేవాడు.

కట్టు పడిన వారంలోనే పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. అంతకు రెండు నెలల ముందు పంపిన పెద్దకథ గురించి. అది అతను అన్నిటికన్నా ప్రాణం పెట్టి రాసిన కథ. మంచాన పడిన తల్లి, ఇద్దరు కొడుకులు, పెద్ద కోడలు. సంపాదకురాలు మొహమాటం లేని మనిషి. ఇలా రాసింది:

“మీ కథలో వదినగారు నోటికొచ్చిన మాట అనేస్తుంది. అది ఎవరికి ఎక్కడ తగిలిందో కథ అయిపోయే దాకా ఆవిడకి తెలియదు. మరిదిగారికేమో అన్నీ కనిపిస్తాయి, అందరూ అర్థమవుతారు, ఆయన వల్ల మాత్రం ఎక్కడా చిన్న పొరపాటు జరగదు. ఇద్దరినీ నేను నమ్మలేకపోయాను. అంత గుడ్డిగా ఎవరూ ఉండరు. అంత శుభ్రంగానూ ఎవరూ ఉండరు. నెలాఖరులోగా తిరగరాసి పంపితే వార్షిక సంచికకి చూస్తాను.”

మేస్త్రికి ఒళ్ళు మండింది. అందులో జరిగిందంతా నిజంగా జరిగిందే, నమ్మకపోవడమేమిటి? అయినా వార్షిక సంచిక అన్న మాట వదులుకోబుద్ధి కాలేదు. ఎడమ చేత్తో రాసి చూశాడు. కోడి కెలికినట్టు వచ్చింది. అన్నయ్య రాత అన్నయ్యకే అర్థం కాదు. ఇక మిగిలింది వదిన.

వదిన ఒక డ్రైక్లీనింగ్ దుకాణంలో పదహారేళ్ళుగా కౌంటరు చూసేది. ఆమె రాసిన రసీదుల్లో అక్షరాలు అచ్చు గుద్దినట్టుండేవి. బట్టలు తీసుకునేముందు ప్రతి జేబూ తడిమి, దొరికినవి కవర్లో వేసి పైన నంబరు వేయడం ఆమె పని. జేబుల్లో దొరికినదాన్ని బట్టి మనిషిని అంచనా కట్టడం ఆమెకి అలవాటు. ఆ అంచనాని గడప దాటనివ్వకపోవడం అంతకన్నా పాత అలవాటు.

చిక్కేమిటంటే ఆ కథలో వదిన ఈ వదినే.

మేస్త్రి తనకి చేతనైన జాగ్రత్తలన్నీ ముందే తీసుకున్నాడు. సన్నగా ఉండే మనిషిని కథలో లావు చేశాడు. పోస్టాఫీసులో ఉద్యోగం ఇచ్చాడు. అన్నయ్యని బస్సు డ్రైవరుని చేశాడు. ఇంత మారిస్తే ఎవరు పోల్చుకుంటారులే అని ధైర్యం చెప్పుకుని, ఒకరోజు పొద్దున్న అడిగాడు.

“వదినా, ఒక కథ తిరగరాయాలి. నేను చెప్తుంటే మీరు రాసిపెడతారా?”

“దుకాణం పదింటికి. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా నా చేయి నీదే” అంది ఆమె.

భోజనాల బల్ల దగ్గర మొదలైంది. రెండు రోజులు ఆమె తల ఎత్తకుండా రాసింది. అడిగితే ఒత్తు గురించి అడిగేది, లేకపోతే అదీ లేదు. పోల్చుకోలేదని మేస్త్రికి గట్టి నమ్మకం కుదిరింది. మూడో రోజు కంచం ఘట్టం వచ్చింది.

అది ఎనిమిదేళ్ళ క్రితం ఈ ఇంట్లోనే జరిగింది. అమ్మ వెనక గదిలో ఐదు నెలలు మంచం మీదే ఉంది. ఎత్తడం, దించడం, కడగడం, తినిపించడం అన్నీ వదినే. దుకాణానికి సగం పూట మాత్రమే వెళ్ళేది. వదిన పెడితే అమ్మ రెండు ముద్దలు మింగి చాలనేది. అప్పట్లో బయటి ఊళ్ళ డ్యూటీల్లో ఉన్న చిన్న కొడుకు వారానికి ఒకసారి వచ్చి పక్కన కూర్చుంటే మొహం ఇంతయ్యేది. ఒక మధ్యాహ్నం అలా అతను వచ్చి కూర్చోగానే వదిన చేతిలో కంచం ఠక్కున దించింది. “మీ ముద్దుల కొడుకొచ్చాడుగా అత్తయ్యా, వాడి మొహం చూస్తేనే మీకు కడుపు నిండుతుంది. ఇంక నా చేతి మెతుకులెందుకు?” అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు అమ్మ ఆమెని ఏమీ అడగలేదు. దాహమేసినా ఇంకెవరైనా వచ్చేదాకా ఆగింది. నెలన్నరకి పోయింది.

మేస్త్రి ఆ ఘట్టం చెప్పి, చివరి వాక్యం అందించాడు. “తన మాట ఎక్కడ తగిలిందో ఆమెకి తెలియనే తెలియదు.”

వదిన కలం ఆపింది. “ఇక్కడ తప్పుంది.”

“ఏ అక్షరం?”

“అక్షరం కాదు. తెలియదన్నావే, అది. ఆవిడకి తెలుసు.”

“ఎవరికి?”

“ఈ కథలో ఆవిడకి” అంది వదిన, కాగితం వంకే చూస్తూ. “పోస్టాఫీసులో రోజుకి వెయ్యి ముద్రలు కొట్టే మనిషి, తన మాట ఎక్కడ పడిందో చూసుకోదా?”

ఇద్దరికీ ఆ ముసుగు తీసే ఉద్దేశం లేదు. అది ఉండబట్టే ఆ మాత్రం మాట్లాడుకోగలిగారు.

“మరి తెలిసీ ఎందుకంటుంది?” అని అడిగాడు.

“పొద్దున్నుంచీ ఆ మాట నాలిక చివరే ఉంది. అనకూడదనే అనుకుంది. పక్క గుడ్డలు మారుస్తూ అనుకుంది, ఒళ్ళు తుడుస్తూ అనుకుంది. అంతలో వాడొచ్చి కూర్చోవడం, ముసలావిడ మొహం వెలిగిపోవడం. అనేసింది. అంటుండగానే వినపడింది కూడా. వంటింట్లోకి వెళ్ళి, తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది.”

“తప్పయిపోయిందని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

“చెప్తే అత్తగారు పర్వాలేదమ్మా అంటుంది. అనిపించుకుని మళ్ళీ మంచి కోడలైపోవాలి. అది ఆవిడకి ఇష్టం లేదు. అన్నది తప్పే అబ్బాయ్. కానీ అబద్ధం కాదుగా?”

గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఆమె లేచి దుకాణానికి వెళ్ళిపోతుందేమోనని మేస్త్రి ఆశపడ్డాడు. ఆమె లేవలేదు.

“ఇంకోటి” అంది. “ఆ మరిది. గుమ్మంలో నిలబడి అన్నీ చూస్తాడు. ఆవిడ చేతులు పగిలాయని చూస్తాడు, ముసలావిడ కంట్లో నీళ్ళు చూస్తాడు. ఇంత చూసినవాడు ఒక్కనాడన్నా పక్క గుడ్డలు ఉతికాడా? చూడ్డం కూడా ఒక చాకిరీయేనా?”

మేస్త్రి కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. అతనికి తెలిసిన సంగతి ఒకటుంది. కథ మొదటిసారి రాస్తున్నప్పుడూ తెలుసు. ఒక రాత్రి ఆ వాక్యం దాకా వచ్చి, దాన్ని దాటేసి, తర్వాతి పేరా మొదలుపెట్టాడు. కథకి అనవసరం అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

“రాయండి వదినా” అన్నాడు చివరికి. “తల్లి మంచాన పడ్డ రెండో నెలలో చిన్నవాడు కంపెనీలో అడిగి మరీ బయటి ఊళ్ళ డ్యూటీలు వేయించుకున్నాడు. ఇంట్లో మాత్రం పై వాళ్ళు వేశారని చెప్పాడు. పని ఎక్కువగా ఉందనుకుని అందరూ జాలిపడ్డారు. ఆ జాలి కూడా అతను కాదనలేదు.”

ఆమె రాసింది. “‘అడిగి మరీ’ ఉంచనా, తీసెయ్యనా?”

“ఉంచండి.”

“సరే. ఇది నాకు తెలుసులే” అంది, కలానికి మూత పెడుతూ. “అప్పుడు మీ ఆఫీసువాళ్ళు ఇంటికి ఫోను చేశారు. మీవాడు అడిగిన డ్యూటీలు ఇంకో నెల కూడా పొడిగించాలా అని. నేనే ఎత్తాను.”

“మరి ఇన్నాళ్ళూ...”

“ఏమననూ? పొడిగించమన్నాను. రోజూ పనినుంచి అలిసిపోయి వచ్చి నువ్వు మంచం పక్కన మొహం వేలాడేసుకుంటే, అది చూసి ఆవిడ ఇంకా తినడం మానేస్తుందని.” బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి ఆ రోజంతా కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సిగ్గుపడ్డాడు. తర్వాత, దాచడమెందుకు, కొంచెం సంతోషించాడు కూడా. ఎందుకంటే కథ దొరికింది. ఆ సంతోషానికి మళ్ళీ సిగ్గుపడ్డాడు.

ఉత్సాహం కొద్దీ మర్నాడు మరీ ఎక్కువ చేశాడు. కంచం దించిన వదిన చేత గట్టు తుడుస్తూ పేజీన్నర ఆలోచింపజేశాడు. తనెందుకు అన్నదో, ఎందుకు క్షమాపణ అడగదో, మరిది ఎలాంటివాడో, అన్నీ వరసపెట్టి. వదిన ఓపిగ్గా రాసి, ఆఖర్న పకాలున నవ్వింది.

“ఇదేమిటి, వంటింట్లోకి వకీలొచ్చింది?”

“మీరు చెప్పిందేగా!”

“నేను చెప్పింది ఎనిమిదేళ్ళు నమిలాక. ఆ పూటకి అంతా తెలుస్తుందా? ఆ పూట తెలిసింది ఒక్కటే, అనకూడనిది అన్నానని. మిగతాది చొక్కాలకి నంబర్లు కుడుతుంటే ఒకరోజు ఇంత, ఒకరోజు ఇంత తెలిసింది. ఇంకా అయిపోయిందని నమ్మకమూ లేదు.” అని, తను “అన్నానని” అనేసిన సంగతి గమనించి, “ఆవిడ అన్నదని” అని దిద్దుకుంది.

మేస్త్రి పేజీన్నరా కొట్టేయించాడు. గట్టు తుడవడం ఉంచాడు. పక్కగదిలో అత్తగారు దగ్గితే ఆమె చేయి ఆగడం, ఆగి, మళ్ళీ తుడవడం, అంతే కలిపాడు. చాలాకాలం తర్వాత ఒక వాక్యంలో, ముద్రలు కొడుతుంటే ఆమెకి ఆ మధ్యాహ్నం గుర్తొచ్చిందని రాయించాడు. మరిది చూపు ఎంత పదునుగా ఉందో అంతే ఉంచి, ఆ చూపు ఎటు తిరగనన్నదో అదీ పెట్టాడు. చొక్కా గుండీల విద్య మొత్తం పీకేశాడు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు కథ పోస్టు చేశారు. సంపాదకురాలు ముగింపులో రెండు పేరాలు కోసేసి, వార్షిక సంచికలో వేసింది. “ఇప్పుడు నమ్ముతున్నాను. ఎవరిమీదా కోపం రాలేదు, అదే ఇబ్బందిగా ఉంది” అని ఒక కార్డు ముక్క రాసింది.

పత్రిక ఇంటికొచ్చిన ఆదివారం, అన్నయ్య కుర్చీ లాక్కుని మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిన చదివాడు. వదిన ఉతికిన తువ్వాళ్ళు మడతపెడుతోంది. మేస్త్రికి కట్టు విప్పి నాలుగు రోజులైంది. సన్నబడిన చేతిని వేడినీళ్ళలో ముంచుకుని కూర్చున్నాడు.

“బాగుందిరా” అన్నాడు అన్నయ్య. “కానీ ఇందులో పెద్దోడు మూడు చోట్ల వచ్చాడు, మూడు చోట్లా పేపరే చదువుతున్నాడు. వాడికేం తెలియదా?”

వెనకటి మేస్త్రి అయితే ఏదో ఒకటి సర్దిచెప్పేవాడు. ఇప్పుడు, “ఏం తెలుసు అన్నయ్యా?” అని అడిగాడు.

అన్నయ్య పత్రిక మూసి బల్లమీద పెట్టాడు. “ఆ మర్నాడు అమ్మ నాతో చెప్పింది. ‘కోడల్ని ఏమీ అనకురా. అది అన్నది నిజమే. దాని మొహం చూడాలంటే నాకే సిగ్గేస్తోంది’ అంది.”

వదిన చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది.

“నీకు చెప్పమనలేదు” అన్నాడు అన్నయ్య భార్యతో. “చెప్పొద్దనీ అనలేదు. చెప్తే ఏడుస్తావని అప్పుడు ఆగాను. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావని ఆగాను.”

వదిన, “ఇంకేమంది?” అని అడిగింది.

“ఇంకేం లేదు. మంచినీళ్ళడిగింది, ఇచ్చాను.”

“గ్లాసులెక్కడుంటాయో మీకు తెలుసా ఈ ఇంట్లో?” అంది వదిన. తువ్వాలు మొహానికి అద్దుకుని లోపలికి వెళ్ళింది. అన్నయ్య లేచి ఆమె వెనకే వెళ్ళాడు. మేస్త్రి నీళ్ళు చల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు.

వారం తర్వాత ఆమెని అడిగాడు. “వదినా, అమ్మ చెప్పిన మాట రాయొచ్చా?”

“అడగాల్సింది నన్ను కాదు. ఆవిడ లేరు కాబట్టి, తొందరపడకుండా రాయి.”

మేస్త్రి తొందరపడలేదు. సోమవారం పనిలోకి వెళ్ళి, మొదటి రెండు వారాలు చేతికి బరువు పడని తలుపుల పని మాత్రం చూసుకున్నాడు. అమ్మ కథకి మరో రెండేళ్ళు పట్టింది.