పది వేళ్ళ పంపకం

మొన్న బ్యాంకు కుర్రాడొకడు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, కాగితం మీద ఒక గుండ్రం గీసి దాన్ని మూడు ముక్కలుగా కోశాడు. డబ్బులో సగం కంపెనీల షేర్లలో, పదింట మూడు వంతులు బాండ్లలో పెట్టి, మిగిలిన రెండు వంతులు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా నగదుగా ఉంచుతారట. షేర్లు పెరిగి ఆ ముక్క లావైతే కొంత అమ్మేసి, సన్నబడ్డ ముక్కల్లో వేసి మళ్ళీ సరిచేస్తారట. దీన్ని బ్యాలెన్స్‌డ్ ఫండ్ అంటారట. కొత్త విద్య నేర్పుతున్నవాడిలా అతను ఓపిగ్గా చెబుతుంటే, పక్క కుర్చీలో ఉన్న మా బావ కుడిచేతిని కండువా కిందకి లాక్కోవడం నా కంటపడింది. ఇక ఆ గుండ్రం మీద నాకు నలభై ఏళ్ళ నాటి నెత్తురు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

పాత విశాఖపట్నం ఎరిగినవాళ్ళకి రేవు గేటుకి పోయే దారిలో తాళ్ళు, మేకులు, టార్పాలిన్లు అమ్మే కొట్ల వరస గుర్తుండే ఉంటుంది. అందులో ఒకటి మాది. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని అమ్మ పదిమందికీ చెప్పుకునేది, నేనూ అది నిజమేననుకుని పాతికేళ్ళదాకా మీసం దువ్వుకుంటూ తిరిగాను.

నాన్న ఏటా దసరా నాడు కాటాకి పసుపు రాసి, రెండు చేతులూ చాపి, ఉన్న ఆస్తిని పది వేళ్ళకి పంచేవాడు. ఐదు వేళ్ళు సరుకు, మూడు వేళ్ళు పోస్టాఫీసు పత్రాలు, రెండు వేళ్ళు డబ్బా. డబ్బా అంటే బియ్యం గోలెం వెనక దాచిన బిస్కెట్ల రేకు డబ్బా, అందులో రొక్కం. తాళ్ళ ధర పెరిగి సరుకు ఆరు వేళ్ళైన ఏడాది, ఇంకా పెరుగుతున్న ఆ సరుకునే అమ్మి, ఆరో వేలిని పత్రాల్లోకీ డబ్బాలోకీ తోసేసేవాడు. పెరిగేదాన్ని నరికి పడుకున్నదానికి పెట్టడమేమిటని నాకు ఒళ్ళు మండిపోయేది. అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: “సరుకు ఎదగడానికిరా. కాగితం, అది పడిపోతే కాసుకోడానికి. డబ్బా పేనం మీదకొచ్చిన రోజుకి. దాని జోలికెల్లకు.”

ఓడల్లో సరుకు కదలకుండా కింద వేసే దుంగలూ చెక్కలూ పోగుపడినప్పుడు రేవులో వేలం వేసేవారు. ఆ వేలానికి మా వీధిలో ఒక ఆచారం ఉండేది, రింగు అనేవారు. ముందురోజు టీకొట్టులో చేరి, తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని, నోరు మెదపకుండా ఎవరు పాడాలో, మిగతావాళ్ళు ఎక్కడ ఆగాలో తేల్చుకునేవారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వేల రూపాయలు. కారుచవగ్గా కొట్టేసిన కర్రని తర్వాత అందరూ పంచుకునేవారు. సర్కారుని ముంచే పనే, కాదనను. కానీ తువ్వాలు కింద ఇచ్చిన మాటని ఎవరూ తప్పేవారు కాదు. మా కొట్టు తరఫున ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టేది అక్క మొగుడు, ఈ బావే.

ఎనభైల మొదట్లో ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడికి సెంట్రింగు కర్ర ఎంత తెచ్చినా చాలేది కాదు. రింగు పెద్ద మా వీధి కర్రల వ్యాపారి, నేను మావయ్యా అని పిలిచే మనిషి. నాలుగు వేల దగ్గర ఆగుతామని బావ ఆయన వేళ్ళు పట్టుకుని మాటిచ్చి వచ్చాడు. మర్నాడు వేలంలో నేను చెయ్యెత్తి పదకొండు వేలకి పాడేశాను. బయట కాంట్రాక్టరు ఇరవై రెండు ఇస్తానన్నాడు మరి. ఆ పదకొండు వేలూ డబ్బాలోవి. నాన్నకి తెలియకుండా అడుగుదాకా ఊడ్చి, దాని స్థానంలో ‘వారంలో పెట్టేస్తాను’ అని చీటీ రాసి పెట్టాను. అంత తెలివైనవాణ్ణి.

మర్నాడు ఆదివారం మిట్టమధ్యాహ్నం, బస్తాలు లాగే ఇనప కొక్కేలతో రింగు మనుషులు ముగ్గురు కొట్లోకొచ్చారు. పాతికేళ్ళ మీసాల వీరుణ్ణి తాళ్ళ చుట్టల వెనక నక్కితే, కాలరులో కొక్కెం వేసి బయటికి లాగి, డొక్కలో తన్ని, నా ముఖాన్ని గడపకేసి కొట్టారు. రెండు పళ్ళు నాలుక మీదకి రావడం తెలిసింది. బావ అడ్డం పడ్డాడు.

“మాటిచ్చింది నాను. ఆడు కుర్రోడు, వొగ్గీండి.”

“ఇచ్చింది నువ్వేనా బావా? ఏ సేత్తో ఇచ్చేవేటి?” అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, పిల్లనిచ్చినవాడు పలకరించినంత నెమ్మదిగా.

ఇద్దరు బావని మోకాళ్ళ మీద కూలేసి, కుడిచేతిని కాటా పళ్ళెంలో పరిచి, మూడోవాడు ఇరవై కిలోల తూనికరాయిని రెండు చేతులా ఎత్తి దింపాడు. మళ్ళీ ఎత్తి దింపాడు. చెక్కపెట్టె విరిగినట్టు వినిపించింది. దసరాకి రాసిన పసుపు మీద నుంచి నెత్తురు నేలకి కారింది.

పెద్దాసుపత్రిలో కట్టు కట్టి, ఇక్కడైతే మణికట్టు దగ్గర తీసెయ్యాల్సిందేనన్నారు. ఊళ్ళో ఒక ఎముకల డాక్టరు సాయంత్రంలోగా ఆపరేషను చేస్తే చెయ్యి నిలుస్తుందనీ, ఆయనకి ముందే ఎనిమిది వేలు కట్టాలనీ చెప్పారు. నాన్న ఇంటికి పరిగెత్తి డబ్బా మూత తీశాడు. చీటీ చదివాడు. నన్ను కొట్టలేదు, కొట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

ఆదివారం పోస్టాఫీసు లేదు, ఉన్నా పత్రాలు డబ్బయ్యేసరికి వారం పడుతుంది. అప్పు అడుగుదామంటే వీధిలో ప్రతివాడూ రింగులో వాటాదారుడే, నేను మోసం చేసింది వాళ్ళనే. కాంట్రాక్టరు అప్పటికే భయపడి ఊరు దాటాడు. అక్క ఏడుస్తూ గాజులు తీసిస్తే కుదువకొట్టువాడు తలుపు తెరవలేదు. పదకొండు వేల కర్ర ఉంది, పత్రాలున్నాయి, చేతిలో పది రూపాయలు లేవు.

చివరికి ఆ కర్రంతా ఆయనకే అమ్మేద్దామని, నెత్తురు మరకల చొక్కాతోనే టీకొట్టుకి వెళ్ళి మావయ్య ఎదురుగా కూర్చున్నాను. ఆయన టీ చప్పరిస్తూ తువ్వాలు పరిచాడు. “ఏటల్లుడా, బేరాలు బాగున్నాయా?” అని, కింద నా వేళ్ళు మూడు పట్టుకున్నాడు. మూడు వేలు. నేను ఎనిమిది అడిగాను. ఆయన ఆ మూడు వేళ్ళని వెనక్కి విరుస్తూ నా కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. కేక వెయ్యకూడదని పెదవి కొరికాను. అయిదు అన్నాను, బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నాను. బేరానికి పుట్టానని చెప్పుకునేవాణ్ణి, గంటన్నరలో మూడుని నాలుగున్నర చేశాను. మిగతాది అక్క పక్కింట్లో, ఎదురింట్లో ఆడవాళ్ళ పోపుడబ్బాల్లోంచి అడిగి తెచ్చింది. డబ్బు కట్టేసరికి దీపాలు పెట్టే వేళయింది.

చెయ్యి నిలిచింది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ నల్లబడిపోతే తీసేశారు. ఒక్క గంట ముందొస్తే అవీ నిలిచేవన్నాడు డాక్టరు. డబ్బాలోంచి నేను తీసినవీ రెండు వేళ్ళే. లెక్క అంత కచ్చితంగా తేలడం నాకు ఇప్పటికీ సయించదు. మంచం పక్కన తల దించుకుని కూర్చుంటే బావే అన్నాడు: “నా సేతిలో ఇంక మూడుకి మించి బేరం నేదు, బామ్మర్దీ. నువ్వే సూసుకో.”

కేసు పెట్టలేదు. మరుసటి ఏడు ఆ మావయ్యే మా చెల్లెలి పెళ్ళికి వచ్చి రెండు విస్తళ్ళు తిని వెళ్ళాడు. అలాంటి మనుషుల మధ్యే మనం పెరిగాం, కొట్టిన చేత్తోనే తాంబూలం అందుకున్నాం.

ఇప్పుడు వేలాలు తెర మీద జరుగుతాయి, షేర్లు అమ్మినా కొన్నా ఫోను గాజు మీద వేలు రాస్తే సరి. అవతలివాడెవడో తెలియదు, మాట తప్పాడో లేదో తెలియదు, చెయ్యి విరగదు. మంచిదే. కానీ అవతలి మనిషి అరచెయ్యి చెమట పట్టిందో లేదో తడిమి చూసి బేరం చేసిన నాకు, ఆ చల్లటి గాజు మీద ఎంత రాసినా ఎవరూ అందడం లేదు.

నగదు భాగం ఊరికే పడి ఉంటుంది సార్, దాన్ని కూడా షేర్ల ఫండులోకి మార్చేద్దామా అని కుర్రాడు అడిగాడు. ఆశ పోలేదు నాకు, నిజం చెబుతున్నాను. నోరు తెరిచాను కూడా. అంతలో కండువా కింద నుంచి బావ చెయ్యి వచ్చి, ఉన్న మూడు వేళ్ళతో నా చేతిలో రెండు వేళ్ళు పట్టుకుంది. ఉండనీ బాబూ, ఆ రెండూ అలాగే ఉండనీ అని కుర్రాడితో చెప్పాను. అతను కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాక కూడా బావ నా వేళ్ళు వదల్లేదు.